వెనక పోగులు

ఫిబ్రవరి 4

అక్క ఇవాళ బాగుంది. సూపు మొత్తం తాగింది. బావ ఖాళీ గిన్నెను వంటింట్లోకి తెచ్చి మరీ చూపించాడు, నేను నమ్మనేమోనని.

షాపులో ఆవిరి మెషీన్ మళ్ళీ మొండికేసింది. యజమాని దాన్ని తిట్టి, నన్ను తిట్టి, టీ తాగి ఊరుకున్నాడు. డ్రై క్లీనింగ్ షాపులో పనిచేసేవాళ్ళకి చలికాలం, ఎండాకాలం అంటూ ఉండవు, ఎప్పుడూ ఒకటే ఉక్క.

ఎన్నడూ డైరీ రాయనిదాన్ని, ఇప్పుడెందుకు మొదలుపెట్టానంటే, అక్క ఇంట్లో గట్టిగా మాట్లాడకూడదు. నాకేమో గట్టిగా మాట్లాడకపోతే తిన్నది అరగదు. అక్క నాకు చిన్నప్పుడే 'పేచీ' అని పేరు పెట్టింది. ఊరికే పెట్టలేదు.

ఫిబ్రవరి 6

నిన్న రాయలేదు. బావా నేనూ రిపోర్టులు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు మాట్లాడుతున్నంతసేపూ పెన్ను మూత తీసి పెట్టడం, తీసి పెట్టడం. ఆ మూత లాక్కుని కిటికీలోంచి విసిరేద్దామనిపించింది.

"ఇకమీదట మందులు నొప్పి తెలియకుండా ఉండటానికేనమ్మా. వేసవి దాకా అంటే కష్టం."

బస్సులో బావ కిటికీ పక్కన కూర్చుని, దిగే స్టాపు దాటిపోయినా చూసుకోలేదు. నేనూ చూసుకోలేదు. వెనక్కి నడుచుకుంటూ వచ్చాం.

"దానికి ఏం చెబుదాం?" అన్నాడు.

"రక్తం తక్కువగా ఉందని చెబుదాం. బలానికి మందులు రాశారని."

"నమ్ముతుందా?"

"నేను చెబితే నమ్ముతుంది. మీరు మాత్రం నోరు విప్పకండి బావా. మీ మొహం చూస్తే రాయైనా ఏడుస్తుంది."

చెప్పాను. అక్క నా మొహంలోకి కాసేపు చూసి "సరేలే" అంది. టీవీ సౌండు కొంచెం పెంచమంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషినని నాకు పేరు కదా, అయినా ఒక్క మాట తడబడలేదు. నమ్మేసింది. పోనీలే, ఒక గండం గడిచింది.

ఫిబ్రవరి 8

శనివారం. సీరియల్ రోజు. అక్కని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టాను.

'ఎర్ర తలుపుల లిఫ్టు' మొదలైనప్పటి నుంచి మేమిద్దరం ఒక్క వారం కూడా మానలేదు. పాత అపార్ట్‌మెంటు, దాంట్లో పాత లిఫ్టు, దాన్ని నడిపే లిఫ్టాయన. వారానికొకరు ఆ లిఫ్టులో ఎక్కి తమ గోడు వెళ్ళబోసుకుంటారు. ఆయన పెద్దగా మాట్లాడడు. "ఏ అంతస్తండీ?" అంటాడు, అంతే. ఆ ఒక్కముక్క అనే తీరుకే అక్క పడిపోయింది. ఇప్పుడు మీటలు నొక్కితే దానంతటదే నడిచే లిఫ్టు పెడతారట. లిఫ్టాయనకి ఇంక పనేముంది? వెళ్ళిపోతాడా, ఉంటాడా అన్నదగ్గరికి తెచ్చి ఆపారు. నెలాఖరు శనివారం ఆఖరి భాగం.

బావకి ఆ సీరియల్ అంటే చిరాకు. "లిఫ్టు పైకెళ్తుంది, కిందకొస్తుంది, ఇందులో కథేముంది?" అంటాడు. అంటూనే గుమ్మంలో నిలబడి చివరిదాకా చూస్తాడు.

దుప్పటి సంగతీ రాయాలి. అక్కా నేనూ ఆ అపార్ట్‌మెంటునే క్రోషే దుప్పటిగా అల్లుతున్నాం. ఒక్కో అంతస్తుకి ఒక్కో వరస ముక్కలు. మధ్యలో పైనుంచి కిందికి ఎర్ర తలుపులు. ఏడో అంతస్తు ముసలావిడ చిలక, గొడుగుల డాక్టరు, స్టూలు మీద లిఫ్టాయన టోపీ, అన్నీ ఉన్నాయి. అక్క గళ్ళ కాగితం మీద బొమ్మ గీస్తుంది. ఒక గడికి ఒక కుట్టు, గడి ఏ రంగైతే కుట్టు ఆ రంగు. దుప్పటి మొత్తం అయిపోయింది, కింద కుడి మూల తప్ప. దాని పక్క ముక్క అపార్ట్‌మెంటు గుమ్మం, లోపల్నుంచి పసుప్పచ్చ వెలుగు వస్తూ. మూల ముక్కంటే వీధి. అక్కడ ఏముండాలో ఆఖరి భాగం చూశాకే గీస్తానని అక్క పట్టుబట్టింది.

"వెళ్ళిపోతే వెళ్తున్నట్టు, ఉండిపోతే ఖాళీ ఫుట్‌పాత్" అంది.

ఫిబ్రవరి 11

అక్క ఇవాళ బాగుంది.

పొద్దున్న ఇంజెక్షన్ ఇవ్వడానికి వచ్చే నర్సమ్మ మా పాత గ్రాఫులు తిరగేస్తూ "ఇదేంటండీ, అన్నీ తిరగబడి ఉన్నాయి? చిలక అటు చూస్తోంది, దుప్పట్లో ఇటు చూస్తోంది" అంది.

అక్కకి నవ్వొచ్చింది. "చెప్పవే పేచీ."

చెప్పాను. అక్కది ఎడమచెయ్యి. కుడిచేతివాళ్ళ పుస్తకం చూసి తనంతట తానే నేర్చుకుంది. పుస్తకంలో 'గ్రాఫును కుడి మూల నుంచి చదవండి' అని ఉంటే అక్షరాలా అలాగే చదివింది. చెయ్యేమో ఎడమనుంచి అల్లుకుంటూ పోతుంది. దాంతో బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. మొదటిసారి ఒక పేరు అల్లితే అక్షరాలన్నీ తలకిందులు కాకపోయినా అడ్డం తిరిగాయి. అప్పటినుంచి అక్క బొమ్మనే ముందు తిరగేసి గీసుకుంటుంది. తిరగేసిందాన్ని తిరగబడేలా అల్లితే సరైన బొమ్మ.

"ఎడమ నుంచి చదివితే సరిపోతుంది కదండీ?" అంది నర్సమ్మ.

"సరిపోతుంది. కానీ ఇన్నేళ్ళయ్యాక ఎవరు మారతారమ్మా" అంది అక్క.

"మరి మీది కుడిచెయ్యేగా?" అని నన్నడిగింది. తినడం, రాయడం, ఎవరినైనా కొట్టాల్సొస్తే కొట్టడం, అన్నీ కుడిచేత్తోనే. క్రోషే ఒక్కటే ఎడమచేత్తో. ఎందుకంటే అక్క దగ్గర నేర్చుకున్నాను. ఎదురుగా కూర్చుని నేర్చుకుని ఉంటే అద్దంలో చూసినట్టు కుడిచేతికి వచ్చేది. నేను పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ పక్కనే కూర్చునేదాన్ని.

ఫిబ్రవరి 15

అక్క చేతిలోంచి క్రోషే సూది జారిపోయింది. చిన్న పనే, దుప్పటి అంచు సరిచేస్తోంది. తీసి ఇచ్చాను. మళ్ళీ జారింది. మూడోసారి నేను ఇవ్వబోతే "నీ దగ్గరే ఉంచు" అంది.

చలికి వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి.

ఫిబ్రవరి 22

ఇవాళ సీరియల్ బదులు ఏవో పాటల పోటీలు వేశారు. కింద అక్షరాలు పరిగెత్తాయి. అనివార్య కారణాల వల్ల 'ఎర్ర తలుపుల లిఫ్టు' ఆఖరి భాగం ఏప్రిల్ రెండో శనివారానికి వాయిదా.

బావ నా వైపు చూశాడు. నేను బావ వైపు చూడలేదు.

"ఏప్రిలా" అంది అక్క.

అనివార్యమట! వాళ్ళ మొహం. నటుడికి జ్వరమొచ్చిందో, ఎవడికి పెళ్ళో. ఒక్క గంట బొమ్మ వెయ్యడానికి ఏం తెగులు? ఇంట్లో అరవలేక పెరట్లోకి వెళ్ళి బకెట్టును ఒక్క తన్ను తన్నాను. కాలి బొటనవేలు వాచింది.

ఫిబ్రవరి 23

వేలు నొప్పి.

మార్చి 1

అక్క ఇవాళ కొంచెం నీరసంగా ఉంది. అయినా బాగానే ఉంది.

మధ్యాహ్నం నేను బట్టలు మడతపెడుతుంటే, కళ్ళు మూసుకునే అడిగింది. "చివరికి ఏమవుతుందంటావే? వెళ్ళిపోతాడా?"

"ఏప్రిల్లో చూద్దువుగా."

కళ్ళు తెరిచింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను. నోటికొచ్చింది వాగేశాను.

"అక్కా, నీకు చెప్పకూడదనుకున్నాను. లిఫ్టాయన యూనిఫాం మా షాపుకే వచ్చింది. నీలం కోటు, ఇత్తడి బొత్తాలు. తెచ్చినతను ఆ సీరియల్ వాళ్ళ మనిషే. ఆఖరి భాగం తీసేశారట. కథంతా చెప్పాడు."

"నిజమా!" ఎన్నాళ్ళయిందో ఆ గొంతు విని. "కోటు ఎలా ఉందే?"

"భుజాల దగ్గర మెత్త కుట్టారు. లోపల చంక దగ్గర చిరిగితే వేరే గుడ్డ వేశారు. టీవీలో కనిపించదు." రోజూ వందల కోట్లు చూసేదాన్ని, కోటు వర్ణించడానికి నాకేం కష్టం?

"ఇంతకీ ఏం చెప్పాడు?"

అక్కడ నోరు పడిపోయింది. ఏదో ఒకటి అనాలి కదా. "చెప్పను. అల్లి చూపిస్తాను. మూల ముక్క నేనే గీస్తాను" అన్నాను.

"నువ్వా! గ్రాఫు గీయడం నీకెక్కడొచ్చే?"

"వచ్చులే."

నవ్వింది. దగ్గొచ్చింది. బావ పరుగెత్తుకొచ్చాడు.

మార్చి 3

షాపులో కౌంటరు కింద పెట్టుకుని గీశాను, రబ్బరుతో చెరపడం, మళ్ళీ గీయడం. యజమాని చూసి చూడనట్టు వెళ్ళిపోయాడు. తిట్టే మనిషి తిట్టకపోతే ఇంకా భయమేస్తుంది.

ఏం గీయాలన్నదే పెద్ద తంటా. ఉండిపోయాడని గీద్దామనుకున్నాను. కానీ అక్క తెలివితక్కువది కాదు. లిఫ్టు దానంతటదే నడుస్తుంటే ఆయనకి అక్కడేం పని? నమ్మదు. నమ్మేట్టు ఉండాలంటే వెళ్ళిపోవాలి. వెళ్ళిపోతే తల వంచుకుని వెళ్ళకూడదు. టోపీ పెట్టుకుని, చేత్తో సంచీ పట్టుకుని, వీధి దీపం కింద నిటారుగా నడుచుకుంటూ వెళ్ళాలి. గుమ్మానికి వీపు పెట్టి, కుడివైపుకి. అలా వెళ్తే వెళ్ళడంలో తప్పేం లేదనిపించాలి.

ఎవరికి అనిపించాలి అని మాత్రం అడక్కు.

మార్చి 7

షాపులో రద్దీ లేనప్పుడల్లా అల్లుతున్నాను. బూట్లు అయ్యాయి, సంచీ అయింది. ప్రతి వరసకీ ముక్కను తిప్పుతూ అల్లాలి కదా, మనిషి ఒకసారి అటు వెళ్తున్నట్టు, ఒకసారి ఇటు వెళ్తున్నట్టు ఉంటాడు. రంగు మారినచోటల్లా వెనక పోగులు వేలాడుతున్నాయి, మేకపిల్ల గడ్డంలా. చివర్లో అవన్నీ కనబడకుండా లోపలికి కుట్టెయ్యాలి.

అక్కకి మందు డోసు పెంచారు. ఎక్కువసేపు నిద్రపోతోంది. నిద్ర మంచిదే. నిద్రపోతే బలం వస్తుంది.

మార్చి 9

నర్సమ్మ నన్ను వరండాలోకి పిలిచి చెయ్యి పట్టుకుంది. "మీరు సెలవు పెట్టుకోండమ్మా" అంది.

పెట్టను. సెలవు పెడితే అక్కకి అనుమానం వస్తుంది.

మార్చి 12

సెలవు పెట్టాను. యజమాని "ఎన్నాళ్ళు?" అని అడగలేదు. "వెళ్ళిరా తల్లీ" అన్నాడు. ఆయన నోట తల్లీ అన్న మాట వినడం ఇదే మొదలు. దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను. వీధి మలుపులో మొహం కడుక్కుని లోపలికి వెళ్ళాను.

ఇంటికొచ్చి టోపీ పూర్తిచేశాను.

మార్చి 13

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

అక్క పొద్దున్నే లేచి, నన్ను చూసి "అయిందా?" అంది. బావ దుప్పటి తెచ్చి మంచమంతా పరిచాడు. నేను ముక్క అక్క చేతిలో పెట్టాను. అప్పటిదాకా దాన్ని దుప్పటి పక్కన పెట్టి చూడనే లేదు నేను.

అక్క దాన్ని మూల దగ్గర ఆనించింది. పసుప్పచ్చ గుమ్మం పక్కన.

టోపీ అంచు గుమ్మం వైపుంది. బూట్ల మొనలు గుమ్మం వైపున్నాయి. లిఫ్టాయన వెళ్ళడం లేదు. సంచీ పట్టుకుని వీధిలోంచి నేరుగా లోపలికి వస్తున్నాడు.

తిరగేసి గీయలేదు నేను! ఇన్నేళ్ళూ అక్క తిరగేసి గీసిచ్చిన గ్రాఫు చూసి అల్లడమే తప్ప నేనెప్పుడు గీశాను గనక? ఉన్నదున్నట్టు గీసి, ఎడమచేత్తో అల్లి పారేశాను. నర్సమ్మకి అంత పాఠం చెప్పినదాన్ని!

అక్క కాసేపు చూసింది. తర్వాత ముక్కను వెనక్కి తిప్పింది. అది తన అలవాటే, ఎవరు అల్లిందైనా వెనక చూడకుండా ఒప్పుకోదు. ముడులు సరిగ్గా పడ్డాయా, పోగులు బిగించి లాగేశారా అని చూస్తుంది. ఇవాళ చాలాసేపు చూసింది. వెనకవైపునే పైకి పెట్టి దుప్పటి మూలకి ఆనించి కూడా చూసింది. ముడులు వదులుగా ఉన్నాయంటుందేమో అనుకున్నాను. మళ్ళీ తిప్పి, ముందువైపు పెట్టింది.

"వస్తున్నాడన్నమాట" అంది.

నా మొహం వంకే చూస్తోంది.

"అవునక్కా" అన్నాను. "వెళ్ళిపోతాడు. కానీ చివర్లో తిరిగొస్తాడు. ఆయన లేకపోతే ఆ ఇంట్లోవాళ్ళకి తోచదట. అందరూ కలిసి పిలిపిస్తారు."

"ఆ కోటు తెచ్చినతను చెప్పాడా?"

"అతనే."

"మంచివాడే పాపం" అంది. నా చెయ్యి తీసుకుంది. దాని వేళ్ళు ఎంత సన్నబడ్డాయో. "బాగా అల్లావే. ఇది ఇలాగే ఉండనీ. దీని వెనక పోగులు మాత్రం కుట్టకు."

"ఊడిపోవూ?"

"ముడులు గట్టిగానే ఉన్నాయి, ఊడవు. పోగులు అలా వదిలెయ్."

బావ గుమ్మంలో నిలబడి "అయితే తిరిగొస్తాడా! నేను ముందే అనుకున్నాను" అన్నాడు. ఈయనొకడు.

బతికిపోయాను. పొరపాటే మేలు చేసింది. అక్క ఎంత సంతోషపడిందో! వెళ్తున్నట్టు ఉండి ఉంటే ఏమయ్యేదో.

అక్క ఇవాళ బాగుంది. నిజంగా బాగుంది.

మార్చి 16

ఒక్క మాట అంది ఇవాళ. "ఏ అంతస్తండీ?" బావ మంచినీళ్ళు పట్టబోతే, అచ్చం లిఫ్టాయన గొంతుతో అంది. బావ నవ్వి, బయటికెళ్ళిపోయాడు.

మార్చి 19

అక్క ఇవాళ

మార్చి 27

వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. కుర్చీలు వెనక్కి ఇచ్చేశాం. మందుల డబ్బా నర్సమ్మ పట్టుకెళ్ళింది, ఎవరికైనా పనికొస్తాయని. బావ రెండు కప్పుల్లో టీ పోసి ఒకటి నాకిచ్చి, మూడోది పోయబోయి ఆగాడు.

మార్చి 29

నాకు నా మీదే కోపంగా ఉంది. ఎందుకో తెలీదు. దుప్పటి బీరువాలో పెట్టి తాళం వేశాను. మూల ముక్క విడిగా ఉంది.

ఏప్రిల్ 3

షాపుకి వెళ్తున్నాను. ఒక నీలం కోటు వచ్చింది. ఇత్తడి బొత్తాలు. ఎవరిదో పెళ్ళి బ్యాండు వాళ్ళది. యజమాని ఎంత పిలిచినా దాన్ని నేను ముట్టుకోలేదు.

ఏప్రిల్ 12

శనివారం. నేను చూడనని చెప్పాను. బావే టీవీ పెట్టాడు. గుమ్మంలో నిలబడలేదు, అక్క కూర్చునే వైపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "రా పేచీ" అన్నాడు. ఆ పేరు అక్క తప్ప ఎవరూ పిలవలేదు ఇంతవరకూ. వెళ్ళి కూర్చున్నాను.

లిఫ్టాయన టోపీ స్టూలు మీద పెట్టేశాడు. తాళాలు ఇచ్చేశాడు. ఎవరూ సాగనంపలేదు, అందరూ కొత్త లిఫ్టు చూడ్డానికి పైకెళ్ళారు. గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. తలుపు దానంతటదే మూసుకుంది. ఆ మూసిన తలుపునే చాలాసేపు చూపించారు.

అయిపోయింది. పేర్లు పడ్డాయి. తర్వాత సబ్బు ప్రకటన, తర్వాత వార్తలు. బావ టీవీ ఆపలేదు.

"బావా, అయిపోయింది."

"తిరిగొస్తాడన్నావుగా" అన్నాడు. "మీ అక్కతో చెప్పావుగా, తిరిగొస్తాడని. ఇంకాస్త చూద్దాం."

ఆ మనిషికి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు, కోటు అబద్ధమని. వార్తలు మొత్తం అయ్యేదాకా ఇద్దరం కూర్చున్నాం.

ఏప్రిల్ 13

చెప్పాను, యూనిఫాం లేదు, మనిషీ లేడని. ముక్క పొరపాటున తిరగబడిందని కూడా చెప్పాను. బావ "పోనీలే. అది నమ్మిందిగా. నమ్మి వెళ్ళింది" అన్నాడు.

అవును. నమ్మింది.

ఏప్రిల్ 20

ఆదివారం. బీరువా తాళం తీశాను. ఆ మూల అలా ఖాళీగా ఉంచడం నావల్ల కాలేదు.

కిటికీ దగ్గర దుప్పటిని బోర్లా పరిచాను. ముక్కలు కలిపి కుట్టేటప్పుడు వెనకవైపు పైకి పెట్టుకుని కుడతాం. మూల ముక్కనూ బోర్లా పెట్టి సూదిలో దారం ఎక్కించాను. అప్పుడు చూశాను.

వెనకవైపు లిఫ్టాయన వెళ్ళిపోతున్నాడు. నిటారుగా, సంచీ పట్టుకుని, కుడివైపుకి. నేను షాపులో కౌంటరు కింద కాగితం మీద ఎలా గీశానో అచ్చం అలాగే. వేలాడే పోగుల మధ్యనుంచి ఎంత స్పష్టంగా ఉన్నాడో. దుప్పటిని ముందువైపుకి తిప్పి, ముక్కను మాత్రం బోర్లానే ఉంచి మూలకి ఆనించాను, ఆ రోజు అక్క ఆనించినట్టు. గుమ్మానికి వీపు పెట్టి వీధిలోకి నడుస్తున్నాడు.

సూది కింద పెట్టేశాను.

అక్క చూసింది ఇది. చాలాసేపు చూసింది. నేను ముడులనుకున్నాను! ఆ దుప్పటిలో ప్రతి బొమ్మనీ తన చేత్తో తిరగేసి గీసిన మనిషి అది. నేను గీసిందేమిటో, తిరగెయ్యడం మర్చిపోయిందెక్కడో తనకి తెలియడానికి ఎంతసేపు పడుతుంది? వెళ్ళిపోతున్నట్టే గీశానని తెలిసింది. నా నోటితో తిరిగొస్తాడని చెబుతుంటే నా మొహం చూస్తూ వింది. మంచివాడే పాపం అంది. కోటు తెచ్చినవాడిని కాదు, నన్ను.

ఏ ముక్కనీ వెనక చూడకుండా ఒప్పుకోని అక్క, రక్తం తక్కువన్న నా మాటని మాత్రం వెనక చూడకుండా ఒప్పుకుందని అనుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఇన్నాళ్ళూ తాగాను. తనకి మొదటిరోజే తెలుసు. "సరేలే" అన్నప్పుడే తెలుసు. అన్నీ తెలిసి, నేను భయపడతానని ఊరుకుంది. నేనేమో తనని కాపాడుతున్నాననుకున్నాను.

ఎంత ఏడ్చానో. గట్టిగానే ఏడ్చాను. ఈ ఇంట్లో ఇప్పుడు గట్టిగా ఏడ్చినా నిద్ర చెడేవాళ్ళెవరూ లేరు.

తర్వాత మొహం తుడుచుకుని ముక్కను దుప్పటికి కుట్టాను, ఎడమచేత్తోనే. అక్క పెట్టమన్నట్టు పెట్టాను. ముందువైపు వస్తున్నాడు.

సాయంత్రం బావ దుప్పటి ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. అడుగున చెయ్యి పెట్టి మూల దగ్గర తడిమాడు.

"ఇక్కడ పోగులు అలాగే ఉన్నాయే. కుట్టడం మర్చిపోయినట్టున్నావు."

"మర్చిపోలేదు బావా" అన్నాను.